తెరమీది ఫోటో ఆల్బము: ఆలస్యమునకు కారణములు, నివారణోపాయములు

పెండ్లిండ్లలోను, గృహప్రవేశములలోను, తీర్థయాత్రలలోను తీసిన ఛాయాచిత్రములను పూర్వము అట్టల ఆల్బములో అంటించి బీరువాలో దాచుకొనెడివారము. ఇప్పుడవి ఇంటర్నెట్టులోని ఆల్బములకు చేరినవి. హైదరాబాదులో జరిగిన వివాహమును డల్లాసులోని మేనత్తయు, పల్లెలోని అమ్మమ్మయు ఒకే దినమున చూడగలుగుట గొప్ప సౌకర్యమే. కాని ఆల్బము తెరచినంతనే తెల్లని గళ్లు మాత్రమే కనబడి, వ్రేలితో జరపినకొలది తెర కుదుపులతో కదలుచున్నచో చూచువారు విసిగి మూసివేయుదురు. తక్కువ వెల సెల్‌ఫోను, పరిమితమైన డేటా గలవారికి ఆ వేడుకయే అందకుండ పోవును. దీనికి కారణమేమి?

మొదట లెక్క చూతము. నేటి సెల్‌ఫోను తీయు చిత్రము సామాన్యముగా అడ్డమున 4000, నిలువున 3000 చుక్కలు, అనగా కోటి యిరువది లక్షల చుక్కలు గలది. ఈ చుక్కలనే పిక్సెళ్లందురు. అట్టి చిత్రము ఒక్కొక్కటి 4 మెగాబైట్లున్నదనుకొందము. 300 చిత్రములకు 1200 మెగాబైట్లగును. సెకనుకు ఒక మెగాబైటు చొప్పున వచ్చినచో 20 నిమిషములు పట్టును. ఆల్బము మొదటి పుటలో ఒక్కొక్క చిత్రమునకు లభించు చోటు మాత్రము రెండు వ్రేళ్ల వెడల్పే. అంతలో కోటి చుక్కలను ఏ కన్నును చూడజాలదు. చూడలేనిదాని కొరకే యింత నిరీక్షణము!

కనుక మొదటి ఉపాయము, ప్రతి చిత్రమునకు చిన్న ప్రతిని సిద్ధము చేయుట. అడ్డమున 400, నిలువున 300 చుక్కల ప్రతిలో ఉండునవి నూరవవంతు చుక్కలే. అది 30 కిలోబైట్లున్నచో ఆల్బమంతకును 9 మెగాబైట్లు చాలును. ఇరువది నిమిషముల పని తొమ్మిది సెకన్లలో ముగియును. చూపరి ఒక చిత్రమును తాకినప్పుడే దాని పెద్ద ప్రతిని పంపవలెను.

రెండవది, కంటికి కనబడువానినే ముందు తెప్పించుట. విందులో కూర్చున్న పంక్తికే వడ్డింతురుగాని, రాబోవు పంక్తికి ముందుగనే విస్తళ్లు నింపరు గదా! తెరమీద పండ్రెండు చిత్రములు పట్టినచో ఆ పండ్రెండును, వాని క్రింది వరుసలు కొన్నియు చాలును. 2019లో క్రోమ్ బ్రౌజరు ఈ సదుపాయమును తనలోనే చేర్చుకొన్నది. తరువాత ఇతర ప్రధాన బ్రౌజర్లును చేర్చుకొన్నవి.

ఇక కుదుపుల సంగతి. చిత్రము మూటగట్టిన రూపమున ప్రయాణము చేయును. చూపుటకు ముందు మూట విప్పవలెను. విప్పినపుడు చుక్కకు నాలుగు బైట్ల చొప్పున పై పెద్ద చిత్రము ఒక్కటియే 48 మెగాబైట్ల జ్ఞాపకస్థానము నాక్రమించును. తెర సాధారణముగా సెకనుకు 60 మారులు మరల గీయబడును. ఒక్కొక్క మారునకు సెకనులో అరువదవ వంతే వ్యవధి. ఆ లోపల మూట విప్పుట ముగియనిచో కదలిక తొట్రుపడును. చిన్న ప్రతులు వాడుట, దాటిపోయిన చిత్రములను జ్ఞాపకస్థానమునుండి తొలగించుట దీనికి మందు. అంతేగాక ప్రతి చిత్రము కొలతలను ముందే తెలిపి చోటు కేటాయింపవలెను. లేనిచో ఆలస్యముగా వచ్చిన చిత్రము తక్కినవానిని క్రిందికి నెట్టివేయును.

మూటగట్టు పద్ధతులలో ప్రసిద్ధమైనది 1992 నాటి జేపెగ్. బెంగుళూరున జన్మించిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావులతో కలిసి 1974లో ప్రకటించిన గణితపద్ధతి దీనికి మూలము. కన్ను అంతగా గుర్తింపని సూక్ష్మవివరములను ఇది విడిచివేయును. విడిచినవి తిరిగి రావు. మార్చి మార్చి భద్రపరచినకొలది నష్టము పెరుగును.

ఇక్కడనే గృహస్థులు జాగ్రత్త వహింపవలెను. వాట్సాప్‌లో మామూలుగా పంపిన చిత్రము కుదింపబడియే చేరును. ఆ ప్రతి యున్నదిగదా యని ఫోనులోని అసలు చిత్రమును చెరిపివేసిన యెడల, రేపు పెద్దవారి పటమును గోడకు కట్టించుకొనదలచినప్పుడు ముఖము మసకబారియే కనబడును. చూపుటకు చిన్న ప్రతి, దాచుటకు అసలు ప్రతి అను నియమమును పాటింపుడు. ఆల్బము తయారుచేయువారిని చిన్న ప్రతులున్నవా, కనబడునవే ముందు వచ్చునా, కొలతలు ముందే యిచ్చితిరా యని అడుగుడు. అసలు చిత్రములను మాత్రము రెండు వేరువేరు చోట్ల భద్రపరచుకొనుడు.