అయస్కాంత కణ పరీక్ష

అయస్కాంత కణ పరీక్ష అనగా ఇనుము, ఉక్కు, నికెల్ వంటి ఫెర్రో అయస్కాంత పదార్థాలతో చేసిన వస్తువులను కోయకుండా, విరవకుండా వాటి ఉపరితలంపైనా, దాని క్రింద కొద్ది లోతులోనూ ఉన్న పగుళ్ళను కనుగొనే పద్ధతి. కర్మాగారాలలో దీనిని ఎం.పి.టి. అంటారు. ఇరుసులు, పళ్ళచక్రాలు, వెల్డింగు అతుకులు మొదలగువాటిని ఇలా పరీక్షిస్తారు.

సూత్రం

వస్తువును అయస్కాంతీకరించినపుడు బలరేఖలు లోహం గుండా పోతాయి. దారిలో పగులు అడ్డువస్తే కొన్ని రేఖలు వెలుపలికి వచ్చి, పగులు దాటి మరల లోహంలో ప్రవేశిస్తాయి. అపుడు పగులు అంచులు ఉత్తర, దక్షిణ ధ్రువాల వలె పనిచేస్తాయి. పైన చల్లిన సన్నని ఇనుప రజను అక్కడ గుమిగూడి, కంటికి ఆనని పగులును గీతగా చూపుతుంది.

చరిత్ర

1868లోనే ఫిరంగి గొట్టాలను అయస్కాంతీకరించి, వాటిలోని లోపాలను దిక్సూచితో గుర్తించారు. 1920ల ఆరంభంలో అమెరికాకు చెందిన విలియం హోక్, అయస్కాంతంతో పట్టి ఉంచిన ఉక్కును సానపట్టగా రాలిన పొడి పగుళ్ళ వెంబడి పేరుకొనడం గమనించాడు.

పరిమితులు

బలరేఖలకు సమాంతరంగా ఉన్న పగులు బయటపడదు. కావున పరస్పరం లంబంగా ఉన్న రెండు దిశలలో పరీక్షించాలి. ఒక్క దిశలోనే చూసి వస్తువు నిర్దోషమని చెప్పరాదు. అల్యూమినియం, రాగి వంటి లోహాలకు ఈ పద్ధతి పనికిరాదు. పరీక్ష పిమ్మట వస్తువులో మిగిలిన అయస్కాంతత్వాన్ని తొలగించాలి. లేనిచో ఇనుప రజను అంటుకొని, కదిలే భాగాలు త్వరగా అరిగిపోతాయి.