పాత కుండీకి ధర కట్టేదెలా?
దానంగా వచ్చిన మట్టిపాత్రల అమ్మకంలో సేవకు లాభం, కుమ్మరికి నష్టం కాకూడదు

కొండగావ్ (బస్తర్): కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు అన్న సామెత తెలుగువారికి కొత్త కాదు. ఏడాది శ్రమ ఒక్క దెబ్బతో పెంకులవుతుందన్న ఈ మాట వెనుక ఒక ఆర్థిక సత్యం కూడా ఉంది. మట్టిపాత్ర ధరలో మట్టి విలువ కన్నా, పగలకుండా కొనుగోలుదారు చేతికి చేరడానికి అయ్యే ఖర్చే ఎక్కువ. కొత్త కుండకు వర్తించే ఈ సూత్రం, ఒకరు వాడి వదిలేసిన పూలకుండీకి మరింతగా వర్తిస్తుంది. ఇళ్లలో వృథాగా పడి ఉన్న కుండీలను సేకరించి, అమ్మి, వచ్చిన సొమ్మును సేవా కార్యక్రమాలకు వినియోగించాలనుకునే వారికి ఎదురయ్యే మొదటి ప్రశ్న కూడా ఇదే: ఊరికే వచ్చిన వస్తువుకు ఎంత ధర పెట్టాలి?

ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే కొత్త కుండీ పుట్టే చోటికే వెళ్లాలి. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో, జగదల్‌పూర్‌కు ఉత్తరంగా సుమారు 75 కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండగావ్ అటువంటి చోటు. 2012లో ప్రత్యేక జిల్లా కేంద్రమైన ఈ పట్టణం డోక్రా లోహశిల్పానికి, ఇనుప కళాకృతులకు దేశమంతటా పేరు పొందింది. ఇక్కడి కుమ్హార్‌పారా వాడ టెర్రకోట పనికి ప్రసిద్ధం. రాయ్‌పూర్ నుంచి కొండగావ్, జగదల్‌పూర్, కుంట, భద్రాచలం మీదుగా విజయవాడ సమీపానికి చేరే 30వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతాన్ని తెలుగునాడుతో కలుపుతున్నది. తాము కాకతీయుల వారసులమని చెప్పుకున్న రాజులు ఏలిన బస్తర్‌తో మనకు ఉన్న సంబంధం పాతదే.

దేవునికిచ్చినది తిరిగి రాదు

బస్తర్ కుమ్మరులు వంటకుండలు, నీటికుండలు, ఇంటికప్పు పెంకులతో పాటు మట్టి ఏనుగులను, గుర్రాలను చేస్తారు. ఏనుగు కాళ్లను, మొండేన్ని బోలుగా వేర్వేరుగా చేసి, అతికించి, పైన నగిషీ దిద్ది కాలుస్తారు. మొక్కు తీరిన గిరిజనులు వీటిని గ్రామదేవతకు సమర్పిస్తారు. అలా సమర్పించిన ఏనుగు ఎండకు ఎండి, వానకు తడిసి, చివరకు మట్టిలో కలిసిపోవలసిందే గాని, దానిని తిరిగి ఇంటికి తెచ్చుకోవడం గాని అమ్ముకోవడం గాని ఆచారం కాదు. అదే ఏనుగు నగరంలోని తోటలో అలంకారమైనప్పుడు మాత్రం దానికి ధర వస్తుంది, చేతులు మారే అవకాశమూ వస్తుంది.

వాడిన మట్టిపాత్రకు మన దేశంలో సంత ఏర్పడకపోవడానికి కారణం లేకపోలేదు. ఒకరు వండుకున్న కుండలో మరొకరు వండుకోరు. పురుడు, చావు వంటి మైల సందర్భాలలో పాత కుండలను పారవేసి కొత్తవి తెచ్చుకోవడం అనేక కుటుంబాలలో ఆనవాయితీగా ఉండేది. ఒకసారి టీ తాగిన మట్టి ముంతను పగలగొట్టడం నేటికీ చూస్తున్నదే. కుమ్మరికి ఏడాది పొడవునా పని దొరకడానికి ఈ ఆచారం కూడా ఒక ఆధారం. ఇత్తడికి, రాగికి పాతసామాను బేరం ఉన్నది గాని మట్టికి లేనే లేదు. పూలకుండీ ఒక్కటే దీనికి మినహాయింపు. అది వంటింటి వస్తువు కాదు, ఎంగిలి సమస్య లేదు. సక్రమంగా చూసుకుంటే ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఇల్లు మారే అద్దెదారు బరువు మోయలేక వదిలిపోయేదీ దానినే.

కొత్త ధరలో ఏమేమి ఉన్నాయి?

చెరువు మట్టిని తవ్వి తేవడం, రాళ్లు ఏరి నానబెట్టి తొక్కడం, సారెపై ఎత్తడం, నీడన ఆరబెట్టడం, ఆవంలో పేర్చి కాల్చడం వరకు ప్రతి దశలోనూ ఖర్చు ఉన్నది. వానకాలంలో పచ్చి కుండలు ఆరవు కనుక పని మందగిస్తుంది. ఆవంలో కొన్ని పగులుతాయి, బండిలో మరికొన్ని పగులుతాయి. నిలిచిన కుండీయే పగిలిన కుండీ ఖర్చును కూడా మోయాలి. ఆపైన టోకు వర్తకుని వాటా, నర్సరీ యజమాని వాటా కలుస్తాయి. నగరంలో కొనుగోలుదారు ఇచ్చే ధరకు, సారె వద్ద కుమ్మరికి ముట్టే ధరకు మధ్య అంతరం పెద్దదిగా ఉండటానికి కారణం ఇదే.

ఈ అంతరాన్ని తగ్గించేందుకు కొన్ని ప్రయత్నాలు జరిగాయి. కుమ్హార్‌పారాలో ‘సాథీ’ అనే స్వచ్ఛంద సంస్థ చేతివృత్తుల వారితో కలిసి పనిచేస్తూ వచ్చింది. రాష్ట్ర హస్తశిల్ప అభివృద్ధి బోర్డు ‘శబరి’ పేరిట విక్రయశాలలను నెలకొల్పింది. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2018లో కుమ్మరి సాధికార పథకాన్ని చేపట్టి విద్యుత్ సారెలను పంపిణీ చేసింది. 2023 సెప్టెంబర్ 17న కేంద్రం ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో కుమ్మరం ఒకటి. పనిముట్లకు రూ.15 వేల వరకు సహాయం, 5 శాతం వడ్డీపై తొలి విడతగా లక్ష రూపాయల రుణం ఇందులో ఉన్నాయి. 2017లో జీఎస్టీ అమలులోకి వచ్చినప్పుడు మట్టి కుండలను, ప్రమిదలను పన్ను నుంచి మినహాయించారు.

నైపుణ్యానికి గిరాకీ ఉన్నదనడానికీ కొండగావ్‌లోనే నిదర్శనం ఉంది. నూనె దానంతట అదే దిగుతూ గంటల తరబడి వెలిగే ప్రమిదను ఇక్కడి కుమ్మరి అశోక్ చక్రధారి రూపొందించగా, 2020 దీపావళికి ముందు ఆ దృశ్యాలు సామాజిక మాధ్యమాలలో వ్యాపించి దూరప్రాంతాల నుంచి ఆర్డర్లు వచ్చాయి. అదే మట్టి, అదే ఆవం. ధరను మార్చినది పనితనమే.

పరీక్ష, శుభ్రత, వర్గీకరణ

పాత కుండీలను స్వీకరించేవారు మొదట చేయవలసినది ఏరివేత. కొత్త కుండ కొనేటప్పుడు మన పెద్దలు చేసిన పరీక్షే ఇక్కడా పనికివస్తుంది. మట్టి తీసివేసి, ఆరిన కుండీని వేలి కణుపుతో తట్టాలి. ఖంగుమని మోగితే గట్టిది, బొదబొదమంటే ఎక్కడో కంటికి కనబడని పగులు ఉన్నట్లు. అంచు పెచ్చు ఊడిన కుండీని తక్కువ ధరకు అమ్మవచ్చు గాని, నిలువునా పగిలినదానిని అమ్మరాదు. తడిమట్టి బరువుకు అది కొన్నవారి మేడమీదనే విడిపోతుంది, అమ్మినవారి పేరు పోతుంది.

కుండీపై కనిపించే తెల్లని పొర ఎరువులలోని, నీటిలోని లవణాల వల్ల ఏర్పడినది. గట్టి బ్రష్‌తో రుద్ది, నీరు కలిపిన వెనిగర్‌తో కడిగితే చాలావరకు పోతుంది. మొక్కల తెగుళ్లను కలిగించే శిలీంధ్రాలు పాత మట్టిలో ఉండవచ్చు కనుక ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీరు కలిపి, అందులో కొంతసేపు నానబెట్టి, మంచినీటితో బాగా కడిగి ఎండబెట్టాలి. అయితే వెనిగర్‌ను, బ్లీచింగ్‌ను ఏనాడూ కలపరాదు, విషవాయువు వెలువడుతుంది. తిరస్కరించిన కుండీలు కూడా వృథా కావు. పెంకులు కుండీ అడుగు రంధ్రంపై కప్పేందుకు పనికివస్తాయి. మెత్తగా దంచిన పెంకు పొడిని పచ్చి మట్టిలో కలిపితే ఆరేటప్పుడు బీటలు తగ్గుతాయన్నది కుమ్మరులకు తెలిసిన విషయమే.

ఊరికే వచ్చినదైనా ఉచితం కాదు

ధర నిర్ణయానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. వంద కుండీలు దానంగా వచ్చాయనుకుందాం. పరీక్షలో 15 పోయాయి, రవాణాలో 5 పగిలాయి. మిగిలినవి 80. బండి కిరాయి రూ.1,500, శుభ్రపరిచే కూలి, సామగ్రి రూ.1,700 అయితే మొత్తం ఖర్చు రూ.3,200. అంటే ఊరికే వచ్చిన ఒక్కొక్క కుండీ అమ్మకానికి సిద్ధమయ్యేసరికి రూ.40 పడింది. ‘పాతదే కదా’ అని యాభై రూపాయలకు అన్నీ అమ్మివేస్తే సేవకు మిగిలేది రూ.800 మాత్రమే.

అటువంటి కొత్త కుండీ బజారులో రూ.200 పలుకుతున్నదనుకుంటే, సగం ధర అయిన వందకు పెట్టి 60 అమ్మి, మిగిలిన 20 కుండీలను చివరి రోజున అరవై చొప్పున వదిలించుకున్నా రూ.7,200 వస్తుంది. ఖర్చు పోగా మిగులు రూ.4,000. అనగా మొదటి పద్ధతి కన్నా అయిదు రెట్లు. మొక్కతో కలిపి అమ్మితే మరికొంత రాబడి ఉంటుంది. తూర్పు గోదావరి జిల్లా కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలు ప్లాస్టిక్ సంచులలోనే చేరుతాయి కనుక వాటిని నాటేందుకు కుండీ ఎలాగూ కావాలి.

ప్రపంచానుభవం ఏమి చెబుతున్నది?

వాడిన వస్తువుల అమ్మకంతో సేవ చేయడం పాశ్చాత్య దేశాలలో స్థిరపడిన పద్ధతి. అమెరికాలోని బోస్టన్‌లో 1902లో మొదలైన గుడ్‌విల్, 1940 దశకం చివర ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో తొలి దుకాణం తెరిచిన ఆక్స్‌ఫామ్ ఇందుకు ఉదాహరణలు. దానంగా వచ్చిన వస్తువులను సేవాసంస్థలు అమ్మినప్పుడు బ్రిటన్‌లో విలువ ఆధారిత పన్ను రేటు సున్నా. మన దేశంలో 1999లో అన్షు గుప్తా స్థాపించిన గూంజ్ సంస్థ మరో దారి తొక్కింది. నగరాలలో సేకరించిన బట్టలను గ్రామాలలో ఊరికే పంచకుండా, ఊరి పనికి ప్రతిఫలంగా ఇచ్చింది. స్వీకరించేవాని ఆత్మగౌరవానికి భంగం కలగకూడదన్నది అక్కడి సూత్రం.

అయితే నాణేనికి మరో ముఖం ఉన్నది. సంపన్న దేశాలు దానమిచ్చిన పాతబట్టలు చవకగా వచ్చిపడటంతో తమ నేత, కుట్టు పరిశ్రమలు దెబ్బతింటున్నాయని తూర్పు ఆఫ్రికా దేశాలు ఆందోళన వెలిబుచ్చాయి. రువాండా 2016లో వాటిపై సుంకాలు పెంచగా, 2018లో అమెరికా ఆ దేశపు దుస్తులకు ఇచ్చిన సుంక రాయితీని నిలిపివేసింది. ఒకరి దానం మరొకరి పొట్టకొట్టవచ్చునన్న పాఠం ఇందులో ఉంది.

పూలకుండీల విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరమే. సేవ పేరిట ఇరవై, ముప్పయి రూపాయలకు కుండీలు దొరికితే, పక్కవీధిలో కొత్తవి పెట్టుకుని కూర్చున్న కుమ్మరి బేరం పోతుంది. సేవాసంస్థకు కూలి లేని కార్యకర్తలు ఉంటారు, కుమ్మరికి ఉండరు. కనుక పాత కుండీ ధర కొత్తదాని ధరకు మరీ దిగువన ఉండరాదు. అసలు పోటీ ఉండవలసినది మట్టికీ మట్టికీ మధ్య కాదు, మట్టికీ ప్లాస్టిక్‌కూ మధ్య. పాత మట్టికుండీ ప్లాస్టిక్ కుండీ స్థానంలోకి వెళితే కుమ్మరికి నష్టం లేదు. మట్టికుండీకి అలవాటుపడిన ఇల్లు రేపు కొత్తదానికి కుమ్మరి వద్దకే వస్తుంది.

అమ్మకం జరిగే చోటనే స్థానిక కుమ్మరికి కొత్త కుండీలు పెట్టుకునేందుకు స్థలం ఇవ్వడం, మిగులులో కొంత ఆవం మరమ్మతుకో సారెకో కేటాయించడం కష్టమైన పనులు కావు. ధరచీటీపై కుండీ పరిమాణం, పగులు ఉంటే ఆ సంగతి, సొమ్ము దేనికి వెళుతున్నదీ రాస్తే కొనేవారు బేరమాడరు. బరువు మోయలేక ఒకరు వదిలేసిన కుండీకి న్యాయమైన ధర కట్టడమంటే, దానిని తొలిసారి సారెపై ఎత్తిన చేతికి కూడా విలువ కట్టడమే.