33 ఇన్నింగ్సుల దాకా ఆట ఎందుకు సాగింది?

బేస్‌బాల్ ఆట తొమ్మిది ఇన్నింగ్సులకే అయిపోవాలి కదా, మరి 1981లో ఒక ఆట 33 దాకా ఎలా వెళ్లింది? క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లకు ఈ సందేహం రావాల్సిందే.

ఒక్కో ఇన్నింగ్‌లో రెండు జట్లకూ చెరో వంతు బ్యాటింగ్. ముగ్గురు ఔటైతే వంతు అయిపోయినట్టే. సొంత మైదానంలో ఆడే జట్టుది ఎప్పుడూ రెండో వంతు. తొమ్మిదింటికి పరుగులు సమానమైతే పదోది ఆడతారు, అక్కడా తేలకపోతే పదకొండోది. ఓవర్ల లెక్క ఉండదు, ఆట ఇన్ని గంటల్లో ముగియాలన్న నియమమూ ఉండదు.

పరుగు తీయడం, అంటే నాలుగు బేస్‌లూ చుట్టి రావడం, అంత కష్టమా? కష్టమే. ఒక వంతులో పరుగు వచ్చే అవకాశం సుమారు పదింట మూడు. కాబట్టి రెండు జట్లూ సున్నాతో వెనుదిరగడం ఇంచుమించు సగంసార్లు జరుగుతుంది. నాణెం ఎగరేస్తే బొమ్మ పడినంత మామూలు సంగతి. కానీ వరసగా 23 సార్లు బొమ్మే పడాలంటే? దాదాపు 84 లక్షల్లో ఒక్కసారి!

1981 ఏప్రిల్ 18 రాత్రి అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో, పటకెట్ పట్టణపు మెక్‌కాయ్ స్టేడియంలో జరిగింది ఇంచుమించు అదే. పటకెట్ రెడ్ సాక్స్, రోచెస్టర్ రెడ్ వింగ్స్ పెద్ద లీగుకు ఒక్క మెట్టు కింద ఆడే జట్లు. తొమ్మిదికి 1-1. ఇరవై ఒకటో ఇన్నింగ్‌లో రోచెస్టర్ ఒక పరుగు చేసింది; ఇక ముగిసిందనుకుంటే పటకెట్ ఆటగాడు వేడ్ బాగ్స్ డబుల్ (రెండో బేస్ దాకా చేర్చే హిట్) కొట్టి మళ్లీ సమం చేశాడు. అవతలి జట్టులో కాల్ రిప్కెన్ జూనియర్ ఉన్నాడు. ఇద్దరూ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కినవాళ్లే. అంతటివాళ్లు ఆడుతున్నా పరుగులు రాలేదంటే ఎదురుగాలి పాత్ర కూడా ఉంది. చలి ఎంతగా ఉందంటే, ఆటగాళ్లు విరిగిన బ్యాట్లు తగలేసి చేతులు కాచుకున్నారు. పాపం, రోచెస్టర్ ఆటగాడు డాలస్ విలియమ్స్ ఆ ఆట మొత్తంలో 13 సార్లు ప్రయత్నించి ఒక్క హిట్టూ కొట్టలేకపోయాడు.

మరి ఎవరూ ఆపలేదేం? అసలు తమాషా ఇక్కడే ఉంది. అర్ధరాత్రి 12:50 దాటాక కొత్త ఇన్నింగ్ మొదలుపెట్టకూడదని ఆ లీగులో నిబంధన ఉండేది. ఆ ఏడాది అంపైర్ల చేతికిచ్చిన నిబంధనల ప్రతిలో ఆ వాక్యమే లేదు. పుస్తకంలో లేనిది మేమెలా ఆపుతామన్నారు వాళ్లు. చివరికి లీగు అధ్యక్షుడు ఫోన్‌లో దొరికి ఆపమంటే, ఈస్టర్ ఆదివారం తెల్లవారుజామున 4:07కి, 32 ఇన్నింగ్సులయ్యాక, 2-2 దగ్గర ఆపారు. అప్పటికి స్టాండ్లలో మిగిలింది 19 మంది.

రోచెస్టర్ మళ్లీ పటకెట్‌కు వచ్చాక, జూన్ 23న మిగతాది ఆడారు. పెద్ద లీగు ఆటగాళ్లు అప్పుడు సమ్మెలో ఉన్నారు, అందుకని దేశం నలుమూలల నుంచీ విలేకరులు దిగారు. 33వ ఇన్నింగ్ 18 నిమిషాల్లో ముగిసింది: డేవ్ కోజా సింగిల్ కొట్టాడు, మార్టీ బారెట్ పరుగు పూర్తిచేశాడు, పటకెట్ 3-2తో గెలిచింది. మొత్తం ఆడిన సమయం 8 గంటల 25 నిమిషాలు. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో ఇంతకంటే పొడవైన ఆట లేదు.

ఇప్పుడు ఇలాంటిది జరుగుతుందా? ఆశ పెట్టుకోనక్కర్లేదు. చిన్న లీగుల్లో 2018 నుంచి, పెద్ద లీగులో 2020 నుంచి, పదో ఇన్నింగ్ మొదలుకొని ప్రతి వంతునూ రెండో బేస్‌లో ఒక ఆటగాణ్ని నిలబెట్టే మొదలుపెడుతున్నారు. ఒక మంచి హిట్ పడితే పరుగే. బంతి విసిరే పిచ్చర్ల భుజాలకు అది మేలే, ఆటకు మాత్రం అన్యాయమని నా అభిప్రాయం. కష్టపడి సంపాదించాల్సిన బేస్‌ను ఊరికే ఇచ్చినట్టయింది.

పెద్ద లీగు ప్లేఆఫ్‌లకు మాత్రం ఈ సడలింపు లేదు. 2018లోనూ 2025లోనూ లాస్ ఏంజెలెస్‌లో జరిగిన వరల్డ్ సిరీస్ (ప్లేఆఫ్‌ల తుది పోరు) మూడో ఆట 18 ఇన్నింగ్సులు సాగింది. పాత పద్ధతి ఆట చూడాలనుకునేవాళ్లు అక్టోబరులో ఆ ప్లేఆఫ్‌లు చూడండి.