విమానానికి వయసెలా వస్తుంది?

విశాఖ బీచ్ రోడ్డులో, కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఎదుట నిలబెట్టిన ట్యుపొలెవ్-142 గస్తీ విమానం మన నౌకాదళంలో 1988 నుంచి 2017 మార్చి 29 వరకు పనిచేసింది. రష్యాలో తయారైన ఇలాంటి విమానాలు మనకు 8 ఉండేవి. మొదట గోవా, తర్వాత తమిళనాడులోని అరక్కోణం వాటి స్థావరాలు. 29 ఏళ్లలో ఒక్క ప్రమాదమూ లేకుండా 30 వేల గంటలు ఎగిరాయి. సముద్రం మీద గస్తీ తిరిగే విమానాలకు ఇది చిన్న విషయం కాదు.

ఎందుకంటే విమానం వయసును క్యాలెండర్ ఒక్కటే చెప్పదు. ఎన్ని గంటలు ఎగిరింది, ఎన్నిసార్లు దిగింది, రెక్కలు ఎంత ఒత్తిడికి ఎన్నిసార్లు వంగాయి అన్నవీ లెక్కే. తీగను ఒకేచోట అటూ ఇటూ వంచుతుంటే చివరికి విరుగుతుంది కదా, లోహపు అలసట అంటే అదే. ఉక్కు విషయంలో ఒత్తిడి ఒక హద్దు లోపల ఉంటే ఎన్నిసార్లు వంచినా పగులు రాదు. విమానాలకు వాడే అల్యూమినియం మిశ్రమాలకు అలాంటి హద్దు లేదు. ఒత్తిడి చిన్నదైనా లెక్కలోకి వస్తుంది.

గస్తీ విమానం ఆ లెక్కను త్వరగా ఖర్చు చేస్తుంది. ప్రయాణికుల విమానం పైన ప్రశాంతమైన గాలిలో సాగిపోతుంటే, ఇది జలాంతర్గామి కోసం నీటికి దగ్గరగా దిగాలి. కారణం అయస్కాంతత్వం. మన ప్రాంతంలో భూ అయస్కాంత క్షేత్రం సుమారు 40 వేల నానోటెస్లాలు. కొన్ని వందల మీటర్ల దూరంలోని జలాంతర్గామి వల్ల అందులో వచ్చే తేడా కొద్ది నానోటెస్లాలకు మించదు. దూరం పెరిగేకొద్దీ ఆ తేడా చాలా వేగంగా తగ్గిపోతుంది. అందుకే కింద ఎగరడం తప్పదు. ఈ తేడాను కొలిచే పరికరాన్ని (మాగ్నెటోమీటర్) విమానం సొంత లోహానికి దూరంగా తోక చివర అమర్చేదీ ఇందుకే.

హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం, హబ్సిగూడ వాసులకు ఈ శాస్త్రం పొరుగుదే. ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) 1961 నుంచి భూమి లోపలి రహస్యాలను ఇలాంటి కొలతలతోనూ వెతుకుతోంది. రెండో ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల వేటకు వాడిన మాగ్నెటోమీటర్లే ఆ తర్వాత ఖనిజాల సర్వేలకు, సముద్రగర్భ పటాలకు దారితీశాయి.

ఇక కింద ఎగిరితే గాలి కుదుపులు ఎక్కువ, ఉప్పు తేమ ఎక్కువ. ఉప్పు వల్ల పుట్టిన చిన్న గుంట దగ్గర అలసట పగులు మొదలుకావచ్చు. అందుకే ఇలాంటి విమానాలను మంచినీటితో కడుగుతారు, నిర్ణీత గంటలకోసారి భాగాలు విప్పి పగుళ్లు వెతుకుతారు. 30 వేల గంటల ఘనతలో పైలట్లకెంత వాటా ఉందో, హ్యాంగర్లలోని ఆ టెక్నీషియన్లకూ అంతే ఉందని నా నమ్మకం. వాళ్ల పేర్లు ఎక్కడా రాయరు.

మరి మన నౌకాదళంలోని మరో గస్తీ విమానం ఇల్యూషిన్-38 ఇంకా ఎక్కువ కాలం ఎలా నిలిచింది? 1977లో వచ్చి 2023 అక్టోబరులో విరమించింది, అంటే 46 ఏళ్లు. మధ్యలో ‘సీ డ్రాగన్’ వ్యవస్థతో రాడార్లు, సెన్సర్లు మార్చారు. ట్యుపొలెవ్‌కు అలాంటి సమూల నవీకరణ అందలేదు. 2013 నుంచి వచ్చిన పీ-8ఐ విమానాలు దాని స్థానం తీసుకున్నాయి.

విశాఖ వెళ్తే పిల్లలకు ఆ విమానం రెక్కలు, ఎదురెదురుగా తిరిగే జంట ప్రొపెల్లర్లతో పాటు తోక కొసనూ చూపించండి. ఆ విమానం ఇప్పటికీ సముద్రపు గాలిలోనే ఉంది. ఉప్పు నుంచి కాపాడే పని అక్కడా ఆగకూడదు.