ఇంటి బిల్లు ఆగితే లోకాయుక్త ఏం చేయగలరు?
విచారణ, సిఫార్సు వరకే అధికారం - ఆరేళ్లు దాటితే అదీ లేదు

మహానంది: పునాది లేచింది, గోడలు లేచాయి, స్లాబు దగ్గరికి వచ్చేసరికి బిల్లు ఆగింది. సిమెంటు అంగట్లో అప్పు, మేస్త్రీకి బాకీ, తల మీద ఎండ. ప్రభుత్వ ఇల్లు మొదలుపెట్టిన పేదవానికి ఇంతకు మించిన కష్టం లేదు. మరో ఇంట్లో జాబితాలో ఉన్న పేరే మాయమవుతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టు, సర్కారు మంజూరు చేసినా ఆఫీసులో కాగితం కదలదు.

అప్పుడు రచ్చబండ మీద ఎవరో ఒకరు "లోకాయుక్తకు అర్జీ పెట్టు" అంటారు. 2021లో లోకాయుక్త కార్యాలయాన్ని కర్నూలులో తెరవడంతో ఆ పేరు ఈ ప్రాంతంలో మరింత వినబడింది. అయితే అక్కడ దేనికి న్యాయం దొరుకుతుంది, దేనికి దొరకదు అన్నది తెలియకపోతే ఖర్చూ, కాలమూ వృథా.

ఏమిటీ లోకాయుక్త?

ఆంధ్రప్రదేశ్ లోకాయుక్త, ఉప లోకాయుక్త చట్టం 1983లో వచ్చింది. ఆ ఏడాది నవంబరు 1 నుంచి అమలైంది. లోకాయుక్తగా హైకోర్టు న్యాయమూర్తి స్థాయివారు, ఉప లోకాయుక్తగా జిల్లా జడ్జి స్థాయివారు ఉంటారు. తొలి లోకాయుక్త జస్టిస్ ఆవుల సాంబశివరావు. మంత్రులు, శాసనసభ్యులు, పెద్ద అధికారుల మీద ఫిర్యాదులను లోకాయుక్త, మిగతా ప్రభుత్వ సేవకుల మీద వచ్చేవాటిని ఉప లోకాయుక్త విచారిస్తారు.

ఆలస్యం వేరు, అక్రమం వేరు

ముఖ్యమైన చిక్కు ఇక్కడే ఉంది. చట్టం పట్టించుకునేది "ఆరోపణ"ను. అంటే అధికారి తన పదవిని అడ్డం పెట్టుకుని తానో, తనవారో లాభపడ్డాడనీ, కావాలని ఒకరికి కష్టం కలిగించాడనీ, లంచం తిన్నాడనీ చెప్పగలగాలి. "నిధులు రాలేదు, బిల్లు ఆలస్యమైంది" అన్నంత మాత్రాన అది ఆరోపణ కాదు. "లంచం ఇవ్వలేదని నా బిల్లు ఆపి, వెనక కట్టినవానికి ఇచ్చారు" అంటే ఆరోపణ అవుతుంది. ఇల్లు కడతానని డబ్బు తీసుకుని పారిపోయిన ప్రైవేటు కాంట్రాక్టరు ప్రభుత్వ సేవకుడు కాడు. అతని మీద పోలీసు స్టేషనుకో, కోర్టుకో పోవలసిందే.

గడువు కూడా ఉంది. సంగతి జరిగి ఆరేళ్లు దాటితే ఫిర్యాదు తీసుకోరు. 2006లో మొదలైన ఇందిరమ్మ ఇళ్లలో అప్పట్లో జరిగిన అక్రమాన్ని ఇప్పుడు రాసినా ఫలితం లేదు. పేదలకు ఇళ్ల స్థలాల పట్టాల పంపిణీ 2020 డిసెంబరు 25న మొదలైంది. పల్లెల్లో సెంటున్నర చొప్పున ఇచ్చిన ఆ పట్టాల్లో పంపిణీ తొలినాళ్లలో అక్రమం జరిగి ఉంటే, దానికి ఆరేళ్ల లెక్క 2026 డిసెంబరుతో ముగుస్తుంది.

తీర్పు కాదు, నివేదిక

ఆరోపణ రుజువైనా లోకాయుక్త స్వయంగా బిల్లు ఇప్పించలేరు, పట్టా రాయించలేరు. చర్య తీసుకోవలసిన పై అధికారికి సిఫార్సుతో నివేదిక పంపుతారు. ఏం చేసిందీ ఆ అధికారి మూడు నెలల్లో తెలపాలి. సంతృప్తి కలగకపోతే లోకాయుక్త గవర్నరుకు ప్రత్యేక నివేదిక ఇస్తారు, అది శాసనసభ ముందుకు వస్తుంది.

కేరళలో రెవెన్యూ రికార్డు సవరించమని తహసిల్దారుకు ఇచ్చిన ఆదేశం 2023లో సుప్రీంకోర్టు దాకా పోయింది. అలా ఆదేశించే అధికారం లోకాయుక్త వ్యవస్థకు లేదనీ, నివేదికతో సిఫార్సు చేయడం వరకేననీ కోర్టు చెప్పింది. అది కేరళ చట్టం మీద వచ్చిన తీర్పే అయినా, మన చట్టంలో ఉన్నదీ సిఫార్సు దారే.

అలాగని లోకాయుక్త దండగ అనుకోవడానికి లేదు. విచారణకు పిలుపు వస్తే ఫైలు బయటికి రాక తప్పదు. లంచగొండి మీద శాఖాపరమైన చర్యకు అది దారి చూపుతుంది.

ముందు చేయవలసింది

బిల్లు కావలసినవారు మొదట మండల హౌసింగ్ అధికారికీ, ఎంపీడీవోకూ రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. అక్కడ పని కాకపోతే సోమవారం కలెక్టరు అర్జీల కార్యక్రమం ఉంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద తన ఇంటి కొలతల పుస్తకం నకలు, చెల్లింపుల వివరం అడగవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. పేదరిక రేఖకు దిగువనున్నవారికి అదీ లేదు.

పునాదికి ఎంత రాశారు, లింటెల్‌కు ఎంత రాశారు, డబ్బు ఎవరి ఖాతాలో పడిందీ ఆ కాగితంతో తేలుతుంది. అందులో మోసం కనబడితే అప్పుడు ప్రమాణపత్రం జతచేసి లోకాయుక్తకు రాయాలి. ప్రమాణపత్రంలో అబద్ధం రాస్తే రాసినవారికే శిక్ష. ఆదేశమే కావాలంటే హైకోర్టు ఒక్కటే దారి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఉచితంగా వకీలును న్యాయ సేవాధికార సంస్థ ఏర్పాటు చేస్తుంది.

ఏ అర్జీ ఎక్కడ చెల్లుతుందో గ్రామ సచివాలయం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయిస్తే పేదలకు బస్సు చార్జీలైనా మిగులుతాయి. అధికారులు ఆ మాత్రం చేయడానికి ఏ చట్టమూ అడ్డు రాదు.