కల్లు మండువ

తాటి, ఈత చెట్ల నుండి దించిన కల్లును పలువురు కలిసి కూర్చుండి త్రాగే చోటును తెలంగాణలో '''కల్లు మండువ''' అంటారు. 2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల పల్లెలలోను కల్లు గీత ఒక ప్రధాన కులవృత్తి. స్పెయిను దేశములో చవకైన ఎర్ర ద్రాక్ష వైనును, తపాస్ అనే చిరుతిండ్లతో, మిత్రులతో కలిసి సేవించుట వాడుక. మండువ కూడా అటువంటిదే. అయితే వైను సీసాలో నెలల తరబడి నిలువ ఉంటుంది. కల్లు ఒక్క పూటలోనే మారిపోతుంది.

== తయారీ ==
గీత కార్మికుడు మోకు, ముస్తాదుల సహాయముతో తాటిచెట్టు ఎక్కి, గెల కొనను చెక్కి లొట్టి కడతాడు. ఈతచెట్టుకు మొవ్వు క్రింది కాండమును గీస్తారు. లొట్టిలోనికి కారే తీపి రసమును ఈస్టు, బాక్టీరియాలు పులియజేయుట వలన ఆల్కహాలు, నురగ పుడతాయి. లొట్టి లోపల సున్నము పూసినచో పులియుట ఆగి, మత్తులేని నీరా లభిస్తుంది. చెట్టు పైనుండి పడి ప్రాణాలు కోల్పోయే ప్రమాదము ఉన్నందున, తెలంగాణ ప్రభుత్వము 2024 జూలైలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా పరికరాల పంపిణీ ప్రారంభించింది.

== రుచి, తినుబండారాలు ==
ఉదయపు కల్లు తియ్యగా, తేలికగా ఉంటుంది. ప్రొద్దెక్కిన కొద్దీ తీపి తగ్గి, పులుపు, ఘాటు పెరుగుతాయి. మరింత నిలువ ఉంచినచో వినిగరు వలె మారుతుంది. ఆల్కహాలు సాధారణముగా 4 నుండి 6 శాతము వరకు ఉంటుంది. వైనులో ఇది 12 నుండి 14 శాతము. మండువలో తాటాకును మడిచి చేసిన దొప్పలో కల్లు వంపించుకొని త్రాగుతారు. శనగ గుడాలు, బొబ్బెర గుడాలు, వేయించిన పల్లీలు, కాల్చిన ఎండుచేపలు, బోటి కూర నంజుకుంటారు. ఉప్పు, కారము గల ఈ తిండ్లు కల్లులోని తీపికి, పులుపుకు చక్కగా సరిపోతాయి.

== కల్తీ సమస్య ==
చెట్టు ఇచ్చే కల్లు పరిమితము, నిలువకు పనికిరాదు. చెట్లు తక్కువగా, గిరాకీ ఎక్కువగా ఉన్న పట్టణాలలో కొందరు నీటిలో డైజిపామ్, అల్ప్రాజొలామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపి కల్లు పేరుతో అమ్ముతున్నారు. దీనికి అలవాటు పడినవారు హఠాత్తుగా మానినచో మూర్ఛ, మతిభ్రమణము కలుగవచ్చు. అట్టివారికి వెంటనే వైద్యము అవసరము. 2025 జూలైలో హైదరాబాదులోని కూకట్‌పల్లి ప్రాంతములో కల్తీ కల్లు త్రాగి పలువురు మరణించారు. మండువలో చెట్టు, గీసినవాడు, దించిన వేళ త్రాగేవారి కళ్ళ ముందే ఉంటాయి. కల్తీకి అవకాశము తక్కువగా ఉండుటకు ఇదే కారణము.