మీకు తెలుసా? చనిపోయి తిరిగొచ్చిన వంటలక్క!

కారు ప్రమాదంలో చనిపోయారని చూపించిన నాయిక వంటలక్కను, ఆమె భర్త డాక్టర్ బాబును ‘కార్తీకదీపం’ సీరియల్ అదే ఏడాది, 2022లోనే, మళ్లీ బతికించింది!

• స్టార్ మాలో 2017లో మొదలైన ఈ కథ ఆ ప్రమాదంతో ఒక్క ఉదుటున వాళ్ల పిల్లలు హిమ, శౌర్య పెద్దవాళ్లయ్యేదాకా వెళ్లిపోయింది. వంటలక్క లేని సీరియల్ ఎందుకంటూ అభిమానులు సోషల్ మీడియాలో గోల పెట్టారు. రేటింగూ పడిపోయింది.

• వంటలక్కగా చేసిన ప్రేమి విశ్వనాథ్, మలయాళ మాతృక ‘కరుతముత్తు’లోనూ నాయికే.

• క్రైమ్ కథల్లో ఇలాంటి పునర్జన్మ డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్‌ది. 1893లో ఆయన్ను చంపేసినందుకు రచయిత కానన్ డాయల్‌పై పాఠకులు మండిపడ్డారు. హోమ్స్ బతికి రావడానికి 1903 దాకా పట్టింది. మన వంటలక్కకు కొన్ని నెలలే చాలాయి!